పదిహేడు ఇత్తడి కొసలు

మొన్నామధ్య ఒక కుర్రాడు గిటారు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంజనీరింగు చదువుతున్నాట్ట. దాని మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు ఒకదానికొకటి సమానంగా, తిన్నగా లేవు. తాటాకు విసనకర్రలో ఈనెల్లాగా ఒక పక్క దగ్గరగా, ఇంకో పక్క ఎడంగా విచ్చుకుని ఉన్నాయి. "ఇలాంటిది మీరు చూసి ఉండరంకుల్, లేటెస్ట్ డిజైన్" అన్నాడు. నేను కాదనలేదు. డెబ్బై దాటినవాడు ఏం చెప్పినా పాతచింతకాయ పచ్చడే. తీగలు మార్చి ఇచ్చి పంపించేశాను.

అతను వెళ్లాక కోపం వచ్చింది. కోపం అతని మీద కాదు. అలాంటి వాయిద్యం నేను పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలోనే చూశాను. చూసి ఊరుకోలేదు, పాడు కూడా చేశాను. ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా నలభై ఏళ్లకు పైగా బందరులో 'మంచి పనివాడు' అనిపించుకుని తిరిగాను. రెండు సన్మానాలూ, రెండు శాలువాలూ అయ్యాయి. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు, 'సుభానీ గారూ, మీ అనుభవాలు రాసిపెట్టండి' అన్నారు. అందుకని ఇది రాస్తున్నాను. చదివి ఈ పని మానుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పని అంటే ఏమిటి

సన్మాన సభల్లో మమ్మల్ని 'వాయిద్యానికి ప్రాణం పోసే చేతులు' అంటారు. ఆ మాటన్న పెద్దమనిషి తన ఇంట్లో వీణను బీరువా మీద, బొద్దింకల మధ్య పడేసి ఉంటాడు. మేం పోసేది ప్రాణం కాదు, మైనం. దానికి ముందు చేసేది చెత్త ఎత్తడం. హార్మోనియం విప్పితే ఎలుక గూడు. మేండలిన్ విప్పితే చెదలు. వీణ తీగలు బిగించే బిరడలకు కొబ్బరినూనె రాసి తెచ్చే మహానుభావులున్నారు. బిరడ జారుతోందంటే నూనె రాస్తారా? రాస్తారు. రాసి, 'దానంతట అదే జారుతోందండీ' అంటారు. ఈ వృత్తిలో మీరు మొట్టమొదట నేర్చుకోవలసింది మనుషులు చెప్పే అబద్ధాలను మొహం మారకుండా వినడం. నేను అది బాగా నేర్చుకున్నాను. అది ఎంత బాగా వచ్చిందంటే, చివరికి నిజం చెప్పేవాళ్ల మాట కూడా అలాగే వినడం అలవాటైపోయింది. నా కథంతా ఆ అలవాటు గురించే.

మూలమట్టం

వీణ మెట్లను చెక్కలోకి దిగ్గొట్టరు. దండికి, అంటే వీణ మెడకు, రెండు పక్కలా మైనంతో గట్లు పోసి, ఆ గట్ల మీద మెట్లు నిలబెడతారు. తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి కాస్తే వచ్చే ఆ నల్లటి ముద్దే నా బతుకు. మైనం మెత్తగా ఉన్నప్పుడు మెట్టును ఇటు ఒక వెంట్రుకవాసి, అటు ఒక వెంట్రుకవాసి జరుపుతూ చెవితో సరిచూసుకోవాలి. లావు తీగను నొక్కితే స్వరం కాస్త ఎక్కువ పైకి పోతుంది, సన్న తీగను నొక్కితే తక్కువ. అందుకని మంచి పనివాడు కట్టిన మెట్టు కొలబద్ద పెట్టి చూస్తే కొంచెం ఓరగా ఉంటుంది. చెవికి మాత్రం తిన్నగా ఉంటుంది. మాకు కావలసింది రెండోది.

గుడివాడలో ఒక సంగీతం టీచరు గారుండేవారు. ఆవిడ భర్త హైస్కూల్లో లెక్కల మాస్టారు. దివిసీమ ఉప్పెనకు ఒక ఏడాది ముందు ఆవిడ వీణకు నేను మెట్లు కట్టి ఇస్తే, ఆ మాస్టారు మూలమట్టం పెట్టి కొలిచి, పదకొండు మెట్లు వంకరగా ఉన్నాయని ఒక కాగితం మీద వరస నంబర్లు వేసి మరీ పట్టుకొచ్చారు. ఆయన జీవితంలో ఒక్క పాటైనా పూర్తిగా విన్నారో లేదో నాకు అనుమానమే. నేను పనిచేసే వాయిద్యాల షాపు యజమాని ఆ కాగితం చూసి, 'మాస్టారు గారు చెప్పినట్టు సాపు చెయ్యరా' అన్నాడు. చేశాను. మూలమట్టానికి ఒక్క మెట్టు కూడా తప్పకుండా చేసి పంపించాను.

నాలుగు నెలలు ఏ ఫిర్యాదూ రాలేదు. ఎందుకంటే ఆవిడ మొదటి తీగ మీద తప్ప ఇంకో తీగ మీద చెయ్యి వేసేవారే కాదు. ఒకసారి శిష్యురాలెవరో ఆ వీణ తీసుకుని కింది స్థాయికి దిగేసరికి అపస్వరం బయటపడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, 'మీ మైనం మంచిది కాదండీ' అని వీణ తిరిగొచ్చింది. మళ్లీ చెవితో కట్టిచ్చాను. ఈసారి మూలమట్టం రాలేదు. ఈ కథ నేను కనబడినవాళ్లందరికీ చెప్పి ఏడాది పాటు నవ్వాను. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలియడానికి ఇంకొంచెం టైము పట్టింది.

వీరభద్రం గారు

మా యజమాని వీరభద్రం గారికి సంగీతం రాదు. అది తప్పు కాదు, చాలామందికి రాదు. కానీ ఆయనకు రాదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. షాపులోకి వచ్చినవాడి చెప్పులు చూసి వాయిద్యం ఎలాంటిదో చెప్పేవాడు. బూట్లయితే మంచి వాయిద్యం, హవాయి చెప్పులైతే డొక్కు, ఉత్త కాళ్లయితే 'రేపు రా'. ఆయన నాకు నేర్పిన సిద్ధాంతం ఒకటే: చూడ్డానికి నున్నగా ఉంటే వినడానికీ బాగానే ఉంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ సిద్ధాంతాన్ని నేను మనసులో అసహ్యించుకుంటూనే, చేతులతో ముప్పూటలా ఆచరించాను. యజమానిని వెనకాల తిట్టుకుంటూ ఎదురుగా తలాడించే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తమను తాము నిజాయితీపరులనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఆయన పిసినారితనం గురించి కూడా చెప్పాలి. అది తర్వాత అవసరమవుతుంది. ఇత్తడి ముక్క ఎంత చిన్నదైనా పారెయ్యనిచ్చేవాడు కాదు. ఆకురాయి కింద రాలిన రజనుతో సహా ఊడ్చి ఒక బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. డబ్బా నిండితే పోత పోసేవాళ్లకు ఇచ్చేవాడు. నిండడానికి ఏడాదో ఏడాదిన్నరో పట్టేది. ఆ డబ్బాను చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

మనిషి దొరకలేదు, ఇది దొరికింది

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాన్ని నేను వర్ణించను. చూడనివాళ్లు చాలామంది వర్ణించారు, చాలు. మా షాపుకు సంబంధించినంతవరకు చెబుతాను. ఆ చలికాలమంతా దివిసీమ వైపు నుంచి ఒండ్రు పట్టిన హార్మోనియాలు, చర్మం కుళ్లిన డోలక్‌లు వచ్చాయి. తడిసిన చెక్కను నీడన ఆరబెట్టాలని ఎవరికీ తెలియదు. ఎండలో పెట్టి చీల్చి తెచ్చేవాళ్లు. ఇల్లూ మనుషులూ పోయినవాళ్లకు చెక్క ఎలా ఆరబెట్టాలో తెలియలేదని విసుక్కున్నానంటే, నేనెలాంటివాణ్ణో మీకు అర్థమవుతుంది.

వేసవిలో సువార్తమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. నాగాయలంక దిగువన ఒక ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. వీరభద్రం గారు పేపరులోంచి తల ఎత్తలేదు. ఆవిడ గోనెసంచి విప్పి నా బల్ల మీద పెట్టిన వస్తువును ఏమని పిలవాలో నాకు తెలియలేదు. మేండలిన్ కంటే చాలా పెద్దది. ఐదు తీగలు. బొజ్జ సన్నటి చెక్క పట్టీలు పక్కపక్కన వంచి అతికించి, పడవ అడుగులాగా ఉంది. వాళ్ల నాన్న యోహాను పడవల వడ్రంగి. తన చేత్తో చేసుకున్నది. ఊళ్లో ప్రార్థనల్లో వాయించేవాడు.

"నాన్న దొరకలేదండీ. ఇది దొరికింది. తుమ్మ కంపలో ఇరుక్కుని ఉంది" అంది.

నవంబరుకు ఏడాది అవుతుంది. మిగిలిన ఊరి జనమంతా ఆ రోజు ఒకచోట చేరి, పోయినవాళ్ల కోసం ప్రార్థన పెట్టుకున్నారు. పాట యోహాను ఎత్తుకుంటే అందరూ అందుకోవడం ఆ ఊరి అలవాటు. ఇప్పుడు ఎత్తుకోవలసింది ఆవిడ. ఆ వాయిద్యం మీదే, ఆ గొంతుతోనే ఎత్తుకోవాలి. ఆవిడకు కావలసింది అంతే. వెళ్లేముందు మెట్ల మీద చెయ్యి పెట్టి, "ఇవి మాత్రం ఇలాగే ఉండనివ్వండి సాయిబు గారూ, నాన్న ఇలాగే పెట్టాడు" అంది. నేను 'అలాగేనమ్మా' అన్నాను. ఆ మాట మేం అందరితోనూ అంటాం.

నేను చేసిన ఘనకార్యం

ఆవిడ వెళ్లాక చూశాను. పద్దెనిమిది ఇత్తడి మెట్లు. తల దగ్గరవి ఒకవైపు వాలాయి, బొజ్జ దగ్గరవి ఇంకోవైపు వాలాయి. మధ్యలో ఎక్కడో ఒకటి తిన్నగా ఉంది. మెట్ల కింది చెక్క నీళ్లకు ఉబ్బి, నిలువునా చీలింది. గుర్రం, అంటే తీగలు మోసే ముక్క, అది కూడా ఓరగా ఉండి సగం ఊడింది.

ఎండాకాలంలో మైనం కరిగి మెట్లు జారిన వీణలను వందల కొద్దీ చూసినవాణ్ణి. నా కంటికి వాలిన మెట్టంటే జారిన మెట్టే. నీళ్లకు కదిలాయి అనుకున్నాను. చెక్కలో దిగ్గొట్టిన మెట్లు నీళ్లకు కదిలితే ఇంత వరసగా, కొలిచినట్టుగా విచ్చుకుంటాయా? ఈ ప్రశ్న ఇప్పుడు వేస్తున్నాను, అప్పుడు వెయ్యలేదు. నా మనసులో ఇంకో మాట కూడా ఉంది, దాచడం ఎందుకు. పడవలు చేసుకునేవాడికి స్వరస్థానాలు ఏం తెలుస్తాయిలే అనుకున్నాను. వీరభద్రం గారు ఒకసారి వంగి చూసి, 'అష్టావక్రుడిలా ఉంది, సాపు చెయ్యి' అన్నాడు. ఆయన అనకపోయినా నేను అదే చేసేవాణ్ణి.

మెట్లు పీకాను. చీలిన చెక్కను ఊడదీసి, జిగురు కాచే పొయ్యిలో పెట్టాను. కొత్త టేకు పలక వేసి, షాపులో ఉన్న మేండలిన్ కొలతల కాగితాన్ని లెక్కకట్టి పెంచి, మెట్లకు తిన్నగా గాట్లు కోశాను. తల దగ్గర చెక్క ఏటవాలుగా తెగి ఉంటే, ఒక చిన్న చీలిక అతికించి దాన్ని కూడా చదరం చేశాను. గుర్రాన్ని తిన్నగా నిలబెట్టాను. పాత మెట్లనే తిరిగి దిగ్గొట్టాను, ఇత్తడి మంచిది కాబట్టి. దిగ్గొడుతుంటే ప్రతి మెట్టూ ఒక పక్క కాస్త పొడుగు వచ్చింది. కొన్ని బియ్యపు గింజంత, కొన్ని నువ్వు గింజంత. వడ్రంగి కొలత తప్పాడు పాపం అనుకుని కట్టరుతో కొసలు కత్తిరించాను. ఒక్కటి మాత్రం అతికినట్టు సరిపోయింది. ఒక్కటైనా సరిగ్గా కోశాడులే అనుకున్నాను.

అడ్డంగా వేసే కర్ర కంటే అదే వెడల్పులో ఓరగా వేసే కర్ర పొడుగుండాలి. పాక కప్పేవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. ఆ పొడుగు నా చేతిలోకి వచ్చి, నా కళ్ల ముందు నిలబడి, నేను వంకర కాదు, ఇలాగే పుట్టాను అని పదిహేడుసార్లు చెప్పింది. పదిహేడుసార్లూ కత్తిరించాను. కింద రాలిన కొసలు ఊడ్చి, అలవాటు ప్రకారం డబ్బాలో వేశాను.

పాలిష్ చేశాక అది చాలా అందంగా వచ్చింది. వీరభద్రం గారు దాన్ని రెండు రోజులు అద్దాల బీరువాలో పెట్టించారు.

పాత చెక్క ఏదండీ

వానాకాలంలో సువార్తమ్మ మళ్లీ వచ్చింది. వాయిద్యాన్ని చూడగానే మొహం విప్పారింది. నాకు గర్వంగా అనిపించింది. ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద చెయ్యి వేసింది. వేళ్లు ఎక్కడెక్కడికో వెళ్లి, అక్కడ ఏమీ లేక ఆగిపోయాయి. లావు తీగ మీటింది. అది పలకలేదు, వదులుగా కొట్టుకుంది. సన్న తీగను శృతికి బిగించబోతే తెగింది. ఇంకోటి ఇచ్చాను. అదీ తెగింది.

అరవలేదు. "ఇలాగే ఉండనివ్వమన్నాను కదండీ" అంది.

నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా, నీళ్లకు చెక్క ఎలా ఉబ్బుతుందో, మెట్లు ఎలా కదులుతాయో పాఠం చెప్పాను. మొత్తం విని అంది: "నీళ్లు వంచలేదండీ వాటిని. నాన్న మూడు నెలలు కూర్చుని వంచాడు."

అప్పుడు చెప్పింది. యోహాను మొదట మామూలు మేండలిన్ లాంటిదే చేసుకున్నాడు. ఆరుబయట ప్రార్థనలో సముద్రపు గాలికి ఆ సన్న గొంతు వినపడేది కాదు. లావు గొంతు కూడా కావాలని మా షాపు నుంచే వీణకు వేసే లావు తీగ కొనుక్కెళ్లి కట్టాడు. ఆ కురచ మెడ మీద అది వేలాడింది. మెడ పొడుగు చేశాడు. లావు తీగ పలికింది కానీ, అంత పొడుగున సన్న తీగ శృతికి రాకముందే తెగింది. మళ్లీ కురచ చేశాడు. మళ్లీ లావుది వేలాడింది. ఇలా మూడు మెడలు విరగ్గొట్టాక ఒకరోజు, లావు తీగ పొడుగు లావు తీగదే, సన్న తీగ పొడుగు సన్న తీగదే అన్నాడట. తల దగ్గరా, గుర్రం దగ్గరా ఓర కోశాడు. ఒక పక్క తీగ పొడుగైంది, ఇంకో పక్క కురచైంది. ఇక మెట్లు ఎక్కడ వెయ్యాలి? అటు తీగ ఒకసారి, ఇటు తీగ ఒకసారి మీటి కూతురిని పాడమనేవాడు. స్వరం కలిసిన చోట రెండు అంచుల మీదా కత్తి మొనతో గాటు పెట్టి, ఆ రెండు గాట్లనూ కలిపి ఒక మెట్టు వేసేవాడు. అదీ ఆ విసనకర్ర పుట్టుక.

నాకు గుడివాడ మాస్టారు గుర్తొచ్చాడు. పాపం ఆయన పదకొండే సాపు చేయించాడు.

"పాత చెక్క ఏదండీ? గాట్లు దాని మీదే ఉంటాయి" అంది సువార్తమ్మ.

నేను పొయ్యి వైపు చూశాను. ఆవిడ కూడా చూసింది. వీరభద్రం గారు లేచి వచ్చి, కొత్త మేండలిన్ ఒకటి ఇచ్చి పంపించెయ్యమన్నాడు. ఆవిడ దాని వంక చూడను కూడా చూడలేదు. ఊళ్లో మిగిలిన ఆ నాలుగు కొంపలవాళ్లకూ నవంబరులో ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టుంది. నాకు సిగ్గేసింది. ఆ రోజు వేసినంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు.

మైనమూ, బిస్కెట్ల డబ్బా

మూడు రోజులు వరసగా రమ్మని బతిమాలాను. బందరులోనే ఇంగ్లీషుపాలెంలో ఆవిడ పిన్నమ్మ ఉంది. అక్కడ ఉండి వచ్చింది.

మొదట తల దగ్గర నేను పెట్టిన చీలిక ఊడదీశాను. యోహాను కోసిన ఓర అలాగే ఉంది. గుర్రం పాతచోటు చెక్క మీద తెల్లగా మచ్చకట్టి ఉంది, అదృష్టవశాత్తు నా పాలిష్ కింద కూడా కనిపించింది. గుర్రాన్ని మళ్లీ అక్కడే ఓరగా పెట్టాను. అంటే తీగల పొడుగులు దొరికాయి. ఇక మధ్యలో మెట్లు.

అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య అక్కరకొచ్చింది. నా తిన్నని మెట్లు పీకేసి, కొత్త పలక మీద వీణకు పోసినట్టే మైనం పోశాను. సువార్తమ్మ స్టూలు మీద కూర్చుని స్వరం పాడితే, లావు తీగ కింద మెట్టు ఒక కొస జరిపి, సన్న తీగ కింద ఇంకో కొస జరిపి నిలబెట్టాను. ఒక్కొక్క మెట్టే దానంతట అదే వాలింది. మొదటిది బాగా వాలింది, రెండోది కాస్త తక్కువ, మూడోది ఇంకాస్త తక్కువ. నేను వాల్చలేదు. ఆవిడ గొంతు వాల్చింది. ఎనిమిదో మెట్టుకు వచ్చేసరికి తిన్నగా నిలబడింది. ఆ తర్వాతివి రెండోవైపు వాలడం మొదలుపెట్టాయి.

ఎనిమిదో మెట్టును పట్టి చూశాను. రెండు కొసలూ యోహాను ఆకురాయితో గుండ్రంగా నున్నన చేసినవే. మిగతా పదిహేడింటికీ ఒక కొస గుండ్రం, ఒక కొస నా కట్టరు కొరికిన పచ్చి గాయం. కత్తిరించకుండా సరిపోయింది ఇదొక్కటే ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది. అంతేకాదు, ఇప్పుడు ఓరగా నిలబెట్టిన ప్రతి మెట్టూ అంచుకు చేరకుండా కాస్త కురచగా ఆగిపోయింది. సువార్తమ్మ ఆ ఖాళీని గోరుతో చూపించి, "ఇక్కడి ముక్క ఏమైందండీ" అంది.

లేచి వెళ్లి డబ్బా తెచ్చాను. నేను నవ్వుకునే డబ్బా. కాగితం మీద బోర్లించి, రజనులోంచి ఇద్దరం ఏరాం. పదిహేడూ దొరికాయి. పొడుగు ప్రకారం వరసగా పేర్చి, ఒక్కొక్కటీ ఖాళీలో పెట్టి చూశాం. మొదటి మెట్టుకు బియ్యపు గింజ అతికినట్టు సరిపోయింది. రెండోదీ సరిపోయింది. ఐదోదానికి వచ్చేసరికి కొస పట్టలేదు, ఖాళీ చాలలేదు. నేను కొసను అనుమానించాను. సువార్తమ్మ, "మెట్టు ఇంకొంచెం వాల్చి చూడండి" అంది. కొస పట్టేదాకా వాల్చి మీటాను. ఆవిడ పాడింది. నేను నిలబెట్టిన చోటుకంటే అక్కడే నిక్కచ్చిగా కలిసింది. పదమూడో మెట్టు దగ్గరా అదే జరిగింది. బందరులో నా చెవికి పేరుంది. ఆ రెండుచోట్లా నా చెవి తప్పు, ఆయన ఇత్తడి ఒప్పు. చచ్చిపోయిన పడవల వడ్రంగి నా తప్పులు దిద్దాడు.

చోట్లు గుర్తుపెట్టుకుని, మైనం గీకేసి, పలకకు గాట్లు కోసి, పదిహేడు కొసలనూ వాటి వాటి మెట్లకు టంకం పెట్టి అతికి దిగ్గొట్టాను. టంకం దగ్గర చిన్న బొడిపెలు లేచాయి. నున్నన చేద్దామని ఆకురాయి తీశాను.

సువార్తమ్మ నా చెయ్యి ఆపింది. "వద్దండీ, అలాగే ఉండనివ్వండి."

"వేలికి గుచ్చుకుంటుందమ్మా."

"గుచ్చుకోనివ్వండి. తగిలినప్పుడల్లా మిమ్మల్నొక మాట అనుకుంటాను."

ఈసారి 'అలాగేనమ్మా' అని, అలాగే ఉంచాను.

కనిపెట్టినవాళ్ల సంగతి

చాలా ఏళ్ల తర్వాత ఒక కాలేజీ లెక్చరరు గారు చెప్పారు. ఇంగ్లండులో నాలుగు వందల ఏళ్ల కిందటే లోహపు తీగల వాయిద్యాలకు ఇలా ఏటవాలు మెట్లు వేసేవారట. తర్వాత మరిచిపోయారట. తర్వాత ఈమధ్య కాలంలో అమెరికాలో ఒకాయన మళ్లీ చేసి పేటెంటు తీసుకున్నాడట. మంచిదే. ఎవరు ముందు, ఎవరు వెనక అని కొట్టుకునేవాళ్లు కొట్టుకోవచ్చు. యోహాను ఆ పుస్తకాలేవీ చదవలేదు. సన్న తీగ తెగింది, లావు తీగ వేలాడింది, ఆయన విసుక్కోకుండా కూర్చున్నాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి వాళ్లకు కూడా అదే జరిగి ఉంటుంది. డిజైను డిజైను అని గొంతు చించుకునేవాళ్లకు తీగ ఎందుకు తెగుతుందో అడగండి. సగం మంది నీళ్లు నములుతారు.

ఇక ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఊడదీసిన చెక్కను పని పూర్తయి, మనిషి వాయించుకుని వెళ్లేదాకా కాల్చకండి. పొడుగొచ్చిన ముక్కను కత్తిరించేముందు ఎందుకు పొడుగొచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించండి. అన్నిటికంటే ముందు, ఉత్త కాళ్లతో వచ్చిన మనిషి 'ఇలాగే ఉండనివ్వండి' అంటే, అలాగే ఉండనివ్వండి. ఈ చివరిది మీరు పాటించరు. నాకు తెలుసు. అప్పుడు నేనూ మీ వయసువాణ్ణే.

నవంబరు ప్రార్థనకు నన్నెవరూ పిలవలేదు. పిలవడానికి నేనెవర్ని? మరుసటి ఏడు సువార్తమ్మ తీగల కోసం షాపుకు వస్తే, ప్రార్థన ఎలా జరిగిందని ఉండబట్టలేక అడిగాను. "పాట అందరూ అందుకున్నారండీ" అంది.

ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడూ వచ్చేది. వీరభద్రం గారు పోయారు, షాపు నా చేతికి వచ్చింది, అయినా వచ్చేది. కిందటేడు ఆఖరిసారి నా ఇంటికే తెచ్చింది. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. తీగలు మార్చి, మెట్ల మీద వేలు పోనిచ్చి చూశాను. ఇన్నేళ్ల వాయింపుకు ఇత్తడి అరిగింది కానీ, బొడిపెలు ఇంకా తగులుతూనే ఉన్నాయి. "నన్ను ఇంకా ఆ మాట అనుకుంటున్నారామ్మా?" అని అడిగాను.

సువార్తమ్మ వాయిద్యాన్ని గోనెసంచిలో పెట్టుకుంటూ, "అనుకోకుండా ఆ మెట్లు దాటేదెలాగండీ" అంది.